వంకర చిటికెన వేలు

పిల్లలూ, మీ ఎడమచెయ్యి ఒకసారి బల్లమీద చాచి పెట్టండి. వేళ్ళన్నీ ముందుకే చూస్తున్నాయి కదూ? ఇప్పుడు ఆ చిటికెన వేలు ఒక్కటీ, వీధి మలుపు తిరిగిన బండిలాగా, కణుపు దగ్గర బయటికి తిరిగిపోయిందనుకోండి. వడ్రంగి మూలమట్టం పెట్టి చూస్తే ఇంచుమించు 90 డిగ్రీలు వస్తుంది. అలాటి వేలు గల పెద్దమనిషి అమెరికాలో ఒకాయన ఉన్నాడు. పేరు ఆలన్ పేజ్. ఆయన 15 ఏళ్ళు పేరుపొందిన ఆటగాడు. ఆ తరువాత 22 ఏళ్ళకు పైగా ఒక రాష్ట్రపు సుప్రీంకోర్టులో న్యాయమూర్తి. ఆటలో వేలు వంకర పోయింది. ఆ వేలున్న చేత్తోనే ఆయన కోర్టు కాగితాలు తిరగవేశాడు. ఈ నెల ఆయన కథ చెప్పుకుందాం.

ముందు ఆ ఆట సంగతి కాస్త తెలియాలి. మనం ఫుట్‌బాల్ అనే ఆట వేరు, అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆట వేరు. మన ఆటను వాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళ బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ మొనదేలి పొట్టి దోసకాయలాగా ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం ఎప్పుడో గాని జరగదు. చంకలో ఇరికించుకుని పరిగెత్తుతారు, లేదా చేత్తో విసురుతారు. మైదానం ఈ గీత నుంచి ఆ గీతకు 100 గజాలు. ఇటు 11 మంది, అటు 11 మంది. బంతి ఉన్న జట్టుకు 4 అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మళ్ళీ 4 అవకాశాలు. జరగలేకపోయారా, బంతి ఎదుటివాళ్ళది. అలా పదేసి గజాలు గెలుచుకుంటూ పోయి అవతలి గీత దాటితే 6 పాయింట్లు.

మరి బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపడం ఎలా? పట్టుకుని కింద పడవెయ్యడమే! చెడుగుడులో పట్టు పట్టినట్టే; కాకపోతే కూత లేదు, పడేవాడికి దెబ్బలు మాత్రం మెండు. అందుకే తలకు గట్టి శిరస్త్రాణం, భుజాలకు మెత్తలు వేసుకుని దిగుతారు. ప్రతి అవకాశానికీ ముందు రెండు జట్ల బలశాలులూ ఎదురెదురుగా, ముక్కుకు ముక్కు తగిలేటంత దగ్గరగా, వరసలు కట్టి వంగుంటారు. బంతి కదలగానే రెండు వరసలూ పొట్టేళ్ళలాగా ఢీకొంటాయి. ఆపే జట్టు వరసలో నడిమి చోటు ఆలన్ పేజ్‌ది. ఎదురుగా ఉన్న భారీమనుషులను తోసుకుని, వాళ్ళ సందుల్లో దూరి, బంతి విసరబోయేవాణ్ణి విసరక ముందే పడవెయ్యాలి. ఆ తోపులాటలో వేళ్ళు వాళ్ళ చొక్కాల్లోనూ శిరస్త్రాణాల్లోనూ చిక్కుకుంటాయి. కీలు తొలగుతుంది. ఎముకలను పట్టి ఉంచే నరాల్లాటి కట్లు సాగిపోతాయి. ఒకసారి తొలగిన కీలు మళ్ళీ తొలగడం సులువు. పేజ్ చిటికెన వేలు అలా పదే పదే తొలగి, చివరకు వంకరగానే నిలిచిపోయింది.

ఇక మొదటికి వద్దాం. ఓహయో రాష్ట్రంలో కాంటన్ అనే ఊరుంది. ఉక్కు కర్మాగారాల ఊరు. 1920లో కొందరు అక్కడ ఒక మోటారుకార్ల దుకాణంలో చేరి, డబ్బిచ్చి ఆటగాళ్ళను ఆడించే జట్లన్నిటికీ కలిపి ఒక సంఘం పెట్టారు. ఈనాటి జాతీయ ఫుట్‌బాల్ లీగు అలా పుట్టింది. ఆ ఊళ్ళోనే 1945 ఆగస్టు 7న ఆలన్ పుట్టాడు. అతని 13వ ఏట తల్లి చనిపోయింది. చదువు ఒక్కటే మనిషిని నిలబెడుతుందని అతని తల్లిదండ్రులు ఇంట్లో చెబుతూ వచ్చేవారు.

ఆలన్ నల్లజాతి పిల్లవాడు. ఆ రోజుల్లో అమెరికాలో చాలా రాష్ట్రాలలో తెల్ల పిల్లలకు ఒక బడి, నల్ల పిల్లలకు వేరే బడి ఉండేవి. 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు అలా వేరు చెయ్యడం చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. అప్పటికి ఆలన్‌కు ఎనిమిదేళ్ళు. కోర్టు తలుచుకుంటే లోకంలో అన్యాయాన్ని సరిదిద్దగలదన్న మాట! ఆ పైన టెలివిజనులో పెరీ మేసన్ అనే లాయరు కథలు వచ్చేవి. అందులో లాయరు కథ ముగిసే వేళకు నేరం చెయ్యనివాణ్ణి విడిపించి తీరతాడు. పెద్దయితే లాయరు కావాలని ఆలన్ మనసులో పెట్టుకున్నాడు. ఆటగాడు కావాలని మాత్రం కాదు, గుర్తుంచుకోండి.

హైస్కూలు ముగిసే రోజుల్లో కాంటన్‌లో ఒక పెద్ద భవనం లేస్తున్నది. ఫుట్‌బాల్‌లో మహా ఆటగాళ్ళ శిరోవిగ్రహాలు పెట్టడానికి కీర్తిమందిరం అన్నమాట. ఆలన్ అక్కడ కూలిపనికి కుదిరాడు. భవనం 1963 సెప్టెంబరులో తెరిచారు. దానితో మనకు తరువాత పని ఉంది.

ఆ ఏడే అతను ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అమెరికాలో కాలేజీ జట్ల ఆటంటే మన ఊళ్ళో తిరునాళ్ళే. ఒక్కొక్క ఆటకు పదివేలు, యాభైవేల మంది జనం వస్తారు. మంచి ఆటగాడు దొరికితే కాలేజీవాళ్ళు ఫీజు లేకుండా చేర్చుకుని, భోజనం, బస కూడా చూస్తారు. ఇది మంచి ఏర్పాటే. కాని ఇందులో ఒక మెలిక ఉంది. కుర్రవాడు ఆటలో గెలిపిస్తూ ఉంటే, వాడికి చదువు వస్తున్నదా లేదా అని అడిగేవాడు ఉండడు. వాడికీ ఆ సంగతి తోచదు. నాలుగేళ్ళు గడిచిపోతాయి.

ఆలన్ రాజనీతిశాస్త్రం తీసుకుని, నిజంగానే చదివాడు. మొదటి ఏడు కొత్త విద్యార్థులను పెద్ద జట్టులో ఆడనివ్వని నియమం ఆనాడు ఉండేది. 1964లో జట్టుకు అరా పార్సీగన్ అనే కొత్త శిక్షకుడు వచ్చాడు. ఆ ఏడు పర్డ్యూ జట్టుతో ఆడేటప్పుడు, ఎదుటివాళ్ళు తన్నిన బంతిని మనవాళ్ళు అడ్డుకున్నారు. ఎగిరి వచ్చిన ఆ బంతిని ఆలన్ అందుకుని 57 గజాలు పరిగెత్తి గీత దాటాడు. వరసలో ఢీకొనే బలశాలికి అంత పరుగు ఉండడం అరుదు. ఏనుగు, లేడిలాగా పరిగెత్తిందనుకోండి! పేజ్ ఆటలోని రహస్యమంతా అదే. బలంలో అతన్ని మించినవాళ్ళు ఉండేవారు. ఆ బలంతో అంత త్వరగా కదిలినవాళ్ళు మాత్రం కనిపించలేదు.

1966లో నోటర్ డేమ్ 10 ఆటలు ఆడి 9 గెలిచింది. ఒకటి, మిషిగన్ స్టేట్ జట్టుతో, 10-10గా సమంగా ముగిసింది. ఆ ఏడు దేశంలోకల్లా మేటి జట్టుగా నోటర్ డేమ్‌నే ఎంచారు. అయినా ఆ సమంగా ముగిసిన ఆట గురించి జనం ఏళ్ళ తరబడి వాదించుకుంటూ వచ్చారు. మరుసటి ఏడు ఆలన్ పట్టా పుచ్చుకున్నాడు.

పట్టా వచ్చిన ఏడే అతన్ని మినెసోటా రాష్ట్రపు వైకింగ్స్ జట్టు తీసుకున్నది. లీగులోని జట్లు ఏటా కాలేజీల నుంచి వచ్చే కుర్రవాళ్ళను వంతులవారీగా ఏరుకుంటాయి. 1967లో పేజ్ 15వ వాడుగా ఎన్నికయాడు. మినెసోటా అమెరికాకు ఉత్తరపు అంచున ఉంది. చలికాలంలో చెరువులు రాయిలాగా గడ్డకడతాయి. జట్టు ఆడేది పైకప్పు లేని మైదానంలో. శిక్షకుడు బడ్ గ్రాంట్ మహా పట్టుదల మనిషి. గట్టున కూర్చున్న ఆటగాళ్ళు కాచుకోవడానికి కుంపట్లు కూడా పెట్టనిచ్చేవాడు కాదు! చలి గురించి ఆలోచిస్తే ఆట గురించి ఆలోచించలేరని ఆయన ఉద్దేశం. అవతలి జట్టువాళ్ళు కుంపట్ల చుట్టూ చేరి వణుకుతూ ఉంటే, వీళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవారు.

ఆ జట్టు దుస్తులు ఊదారంగువి. ముందు వరసలో నలుగురు ఉండేవారు: కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గారీ లార్సన్, ఆలన్ పేజ్. ఈ నలుగురినీ జనం 'ఊదారంగు నరభక్షకులు' అని పిలిచారు. మన కథల్లో రాక్షసుల్లాటి పేరు! పేజ్‌కు మాత్రం ఆ పేరంటే పెద్ద మోజు ఉన్నట్టు కనిపించదు. అతను మితభాషి.

1971లో ఒక వింత జరిగింది. లీగు మొత్తంలో ఆ ఏటి మేటి ఆటగాడు ఎవరా అని ఏటా ఎంచుతారు. ఆ గౌరవం ఎప్పుడూ బంతి విసిరేవాడికో, బంతితో పరిగెత్తేవాడికో దక్కేది. ఆపేవాణ్ణి ఎవరు తలుచుకుంటారు? గోడ కట్టినవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది? 1971లో మొట్టమొదటిసారిగా ఆపేవాడికి ఆ గౌరవం దక్కింది. అతనే పేజ్. ఆ జట్టు నాలుగుసార్లు, 1970, 1974, 1975, 1977 జనవరి నెలల్లో, సూపర్ బౌల్ అనే తుది పోటీదాకా పోయింది. నాలుగుసార్లూ ఓడిపోయింది. ఇది కూడా చెప్పాలి కదా!

ఇప్పుడు ఒక గది లోపలికి పోదాం. ఆట లేని రోజుల్లో ఆటగాళ్ళు పలకల ముందు పిల్లల్లాగా కూర్చుంటారు. ప్రతివాడి చేతిలో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. ఏ సైగకు ఎవరు ఎటు కదలాలో అందులో గీతలు గీసి, వాక్యాలు రాసి ఉంటాయి. ఒకనాడు శిక్షకుడు ఆ పుస్తకంలోని భాగాన్ని ఒక్కొక్కరినీ పైకి చదవమన్నాడు. మొదట చదివినవాడికి ఇబ్బంది లేకపోయింది. తరువాత ఒకడు తడుముకున్నాడు. ఇంకొకడు కూడబలుక్కున్నాడు. ఒకరిద్దరు అసలు చదవలేకపోయారు. గది నిశ్శబ్దమయిపోయింది. వాళ్ళంతా కాలేజీల్లో చదివి వచ్చినవాళ్ళే! ఎన్ని వేల మంది చప్పట్లు విన్నవాళ్ళు! ఏ తరగతిలోనూ ఏ పంతులూ వాళ్ళను ఆపి, "నీకు చదవడం రాదు నాయనా, కూర్చో, నేర్పుతాను," అనలేదు. ఆటకు వాళ్ళ కాళ్ళూ చేతులూ చాలాయి.

ఆ దృశ్యం పేజ్ మరిచిపోలేదు. తరువాత కొన్నేళ్ళకు కొన్ని వేల మంది ఎదుట దాన్ని చెప్పాడు. ఆ ఘట్టం రాబోతున్నది.

తన చదువు మాట ఏమయింది? ఆటలో చేరిన తొలిరోజుల్లోనే ఒక న్యాయకళాశాలలో చేరాడు. మూడు వారాల్లో మానేశాడు. చెప్పేది ఏమీ అర్థం కాలేదట. మానినవాడు మానినట్టు ఉండిపోతే ఈ కథ ఇక్కడితో ముగిసేది. 1975లో, 30వ ఏట, మినెసోటా విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో మళ్ళీ చేరాడు. పేరుపొందిన ఆటగాడు, చేతినిండా డబ్బు, పెళ్ళాం బిడ్డలు; అయినా తన కంటె చిన్నవాళ్ళ పక్కన బల్లమీద కూర్చున్నాడు. ఒకవైపు ఆట, ఒకవైపు పాఠాలు. మూడేళ్ళలో, 1978లో, న్యాయశాస్త్రపు పట్టా వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. భార్య డయాన్ పొగ తాగడం మానడానికి పరుగు మొదలుపెట్టింది. తోడుగా ఆయనా మొదలుపెట్టాడు. అలా మొదలైన పరుగు రోజుకు మైళ్ళకు మైళ్ళు అయింది. 110 కిలోల మనిషి 100 కిలోలకు దిగాడు. వరసలో ఢీకొనేవాడు బక్కపడితే ఎలా అని శిక్షకుడికి నచ్చలేదు. సీజను మధ్యలో జట్టులోనుంచి తీసేశారు. అలా తీసేసిన ఆటగాణ్ణి వేరే జట్టు రుసుము కట్టి తీసుకోవచ్చు. ఆ రుసుము ఎంతో తెలుసా? 100 డాలర్లు! దేశంలోకల్లా మేటి ఆటగాడనిపించుకున్నవాణ్ణి చికాగో బేర్స్ జట్టు నూరు డాలర్లకు తెచ్చుకున్నది. పెద్దలు ఇది చదువుతూ ఉంటే నవ్వుకుంటారేమో. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు.

చికాగోలో 1981దాకా ఆడాడు. మొత్తం లీగు ఆటలు 218. వాటిలో ఒక్కటీ మానలేదు. వేలు వంకర పోయినా మానలేదు. మధ్యలో, 1979లో, 26 మైళ్ళకు పైబడిన మారథాన్ పరుగు కూడా పూర్తిచేశాడు. లీగులో ఆడుతూ ఉండగా మారథాన్ పూర్తిచేసిన మొదటివాడు పేజ్ అంటారు. బక్కవాడని తీసేసినవాళ్ళు ఏమనుకున్నారో!

ఆట మానాక నల్లకోటు తొడుక్కున్నాడు. ఇక 'అతను' అనకుండా 'ఆయన' అందాం. 1985లో ఆయన మినెసోటా ప్రభుత్వ న్యాయవాదుల్లో ఒకడుగా చేరాడు. 1988లో కాంటన్ నుంచి పిలుపు వచ్చింది. కీర్తిమందిరంలో ఆయన శిరోవిగ్రహం పెడతామన్నారు. కుర్రతనంలో తాను కూలి చేసిన భవనమే అది! అక్కడికి వచ్చే ప్రతి ఆటగాణ్ణీ సభకు పరిచయం చెయ్యడానికి ఒకరు ఉండాలి. అందరూ తమ శిక్షకుణ్ణో, తోటి ఆటగాణ్ణో తెచ్చుకుంటారు. పేజ్ ఒక హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలిని తెచ్చుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు తాను పట్టిన పట్లను గురించి చెప్పుకోలేదు. ఆనాటి గదిలో పుస్తకం పైకి చదవలేకపోయిన తోటివారి సంగతి చెప్పాడు. ఆట చూడవచ్చిన జనం అది విన్నారు.

ఆ ఏడే భార్యాభర్తలు ఒక నిధి పెట్టారు. మినెసోటాలో తెల్లవారు కాని పిల్లలు కాలేజీకి పోవడానికి డబ్బు ఇస్తారు. ఊరికే కాదు. డబ్బు పుచ్చుకున్నవాడు తనకంటె చిన్న పిల్లలకు చదువులో సాయపడుతూ ఏడాదికి ఇన్ని గంటలని గడపాలి. అంటే ఒకడికి ఇచ్చిన డబ్బు పదిమందికి అందేటట్టు చేశారన్నమాట. వేలమంది అలా చదువుకున్నారు.

ఆయన కోరిక ఇంకొకటి మిగిలింది. మినెసోటాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. 1992లో పేజ్ నిలబడదామనుకున్నాడు. తీరా చూస్తే, ఎన్నిక జరగవలసిన స్థానంలో ఉన్న న్యాయమూర్తికి గవర్నరు గడువు పొడిగించాడు. గడువు పొడిగిస్తే ఎన్నిక లేదు! పేజ్ కోర్టుకు ఎక్కాడు. అయితే చిక్కు చూడండి: విచారించవలసింది ఆ సుప్రీంకోర్టే. తమ సహచరుడి వ్యవహారం గనక అక్కడి న్యాయమూర్తులు తప్పుకున్నారు. వారికి బదులు వేరేవారు కూర్చుని విచారించి, ఎన్నిక జరగవలసిందే అన్నారు. నవంబరులో ఎన్నిక జరిగింది. పేజ్ గెలిచాడు. 1993 జనవరిలో ఆ న్యాయపీఠం ఎక్కిన మొట్టమొదటి నల్లజాతివాడు ఆయనే. మెడకు సీతాకోకచిలుకలాటి బో టై కట్టుకుని వచ్చేవాడు. మరి మూడుసార్లు ప్రజలు ఆయననే ఎన్నుకున్నారు. 70 ఏళ్ళు నిండితే న్యాయమూర్తి దిగిపోవాలని అక్కడి చట్టం. 2015లో దిగిపోయాడు.

2017లో మినియాపోలిస్ నగరంలో ఒక బడి పిల్లలకు తమ బడి పేరు నచ్చలేదు. అది పూర్వం అక్కడ గవర్నరుగా ఉన్న ఒకాయన పేరు. డకోటా అనే ఆదివాసులను చంపాలి, లేదా వెళ్ళగొట్టాలి అన్న మనిషి. పిల్లలే పూనుకుని, పెద్దలను ఒప్పించి, పేరు మార్పించారు. కొత్త పేరు జస్టిస్ పేజ్ మాధ్యమిక పాఠశాల. 2018లో దేశాధ్యక్షుడు ఆయనకు స్వాతంత్ర్య పతకం ఇచ్చాడు. నన్నడిగితే బడి పేరే పెద్ద బహుమానం అంటాను.

న్యాయమూర్తి హోదాలో ఆయన బళ్ళకు పోతూ ఉండేవాడు. పిల్లల చూపంతా ఆ చిటికెన వేలి మీదే! అందుకని ఆయనా, బడిపంతులమ్మ అయిన కూతురు కామీ కలిసి ఆ వేలి మీదనే పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం రాశారు. అది 2013లో వచ్చింది.

మినియాపోలిస్‌లో శరత్కాలంలో మారథాన్ జరుగుతుంది. ఒళ్ళంతా చుట్టుకునేటంత పెద్ద ఇత్తడి బాకా ఒకటి ఉంటుంది, పట్నాల్లో బ్యాండుమేళంవాళ్ళ దగ్గర మీరు చూసే ఉంటారు. ఆయన ఎన్నో ఏళ్ళు దాన్ని భుజాన వేసుకుని, దారి పక్కన నిలబడి, అలిసిపోయి వచ్చే పరుగువాళ్ళకోసం గంటల తరబడి ఊదాడు. చాలామంది ఆయన ఎవరో కూడా చూడకుండా, ఆ బాకా మోత విని నవ్వుకుంటూ పరిగెత్తుకు పోయేవారు.